ఎవరూ కోరని ప్రాణికి ఎవరు దిక్కు?

ఒక స్త్రీ పిల్లిని బంధించింది. తాను తిండి పెట్టలేదు. పురుగో పుట్రో ఏరుకుని తినడానికి దాన్ని వదలనూ లేదు. అది ఆకలితో చనిపోయింది. ఆ పాపానికి ఆమె నరకశిక్షకు గురైందని దైవప్రవక్త ముహమ్మద్ (స) తెలియజేశారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్న ఈ హదీసు మన ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అయితే క్రూరత్వం కూడదనే హితవుగా మాత్రమే దీన్ని విని ఊరుకుంటాం. కాస్త ఆలోచిస్తే ఇందులో ఒక బాధ్యతా సూత్రం కనిపిస్తుంది. పిల్లిని పట్టి ఉంచిన మనిషి ముందు రెండే దారులున్నాయి. తిండి పెట్టాలి, లేదా వదిలిపెట్టాలి. మూడో దారి లేదు.

ఇప్పుడు రెండు కళ్లూ పోయిన పిల్లిని తీసుకోండి. వెనుక కాళ్లు చచ్చుబడిన పిల్లిని, ముసలిదై పళ్లూడిన పిల్లిని తీసుకోండి. వీటిని వీధిలో వదిలితే కుక్కల పాలో, బండి చక్రాల పాలో అవుతాయి. కనుక వీటి విషయంలో రెండో దారి మూసుకుపోయినట్లే. తిండి పెట్టడం ఒక్కటే మిగిలింది. ఆ తిండి ఎవరు పెట్టాలన్నదే నేటి మన ప్రశ్న.

దిక్కులేని పిల్లులను చేరదీసే ఆశ్రయాలు నేడు అనేక దేశాల్లో ఉన్నాయి. పెంచుకుంటామని వచ్చేవారు సాధారణంగా బొద్దుగా ఉన్న పిల్లకూనలను ఎంచుకుని వెళతారు. మిగిలిపోయేవి ముసలివి, అవిటివి, రోగమున్నవి, మనిషికి మాలిమి కానివి. ఎఫ్‌ఐవీ అనే వైరస్ సోకిన పిల్లుల సంగతి చూడండి. ఈ వైరస్ మనుషులకు అంటదు. పిల్లి నుంచి పిల్లికి కూడా ముఖ్యంగా లోతైన కాట్ల ద్వారానే సోకుతుంది. శ్రద్ధగా చూసుకుంటే అలాంటి పిల్లి ఏళ్ల తరబడి బతకగలదు. అయినా రోగం పేరు వినగానే వచ్చినవారు వెనక్కి తగ్గుతారు. ఆ పిల్లి ఆశ్రయంలోనే ఉండిపోతుంది.

ఇలా ఉండిపోయిన వాటి కోసమే స్పాన్సర్ పద్ధతి వచ్చింది. మన పరిభాషలో దీన్ని కఫాలత్ అనవచ్చు. అనాథ బిడ్డ కఫాలత్ మనకు కొత్త కాదు. బిడ్డ తన వాళ్ల దగ్గరే ఉంటాడు, ఖర్చు మాత్రం మరొకరు భరిస్తారు. మనిషి బిడ్డనూ పిల్లినీ ఒక గాటన కట్టడం మన ఉద్దేశం కాదు. పద్ధతి మాత్రం ఒకటే. పిల్లి ఆశ్రయంలోనే ఉంటుంది. ఒకరు గానీ, నలుగురు కలిసి గానీ దాని తిండికి, మందులకు, వైద్యుడికి నెలనెలా కొంత సొమ్ము పంపుతారు. ఆ పిల్లి వారి ఒడిలో కూర్చోదు, వారి ఇంట ఎలుకలు పట్టదు. బహుశా జీవితంలో ఒక్కసారి కూడా వారు దాన్ని చూడరు.

ఇలాంటి సాయంతో నిలిచిన ఒక ఆశ్రయం కథ సిరియా దేశంలోని హలబ్ నగరానిది. మన పత్రికలు అలెప్పో అని రాసే నగరం ఇదే. అక్కడి ముహమ్మద్ అలా అల్ జలీల్ వృత్తిరీత్యా ఎలక్ట్రీషియన్. అంతర్యుద్ధం మొదలయ్యాక అంబులెన్సు నడుపుతూ గాయపడినవారిని ఆస్పత్రులకు చేర్చాడు. ఇళ్లు వదిలి పారిపోయిన జనం వెంట తీసుకుపోలేని పిల్లులు ఆయన గుమ్మం ముందు చేరాయి. వాటికి తిండి పెట్టసాగాడు. ఈ సంగతి తెలిసిన పరదేశీయులు, ముఖ్యంగా ఇటలీ వాసులు, డబ్బు పంపారు. ఆశ్రయం వెలసింది. 2016 చివరలో బాంబుల దాడిలో అది ధ్వంసమైంది. ఆయన కుంగిపోలేదు. 2017లో హలబ్‌కు పశ్చిమాన కఫర్ నహా గ్రామంలో మళ్లీ ఆశ్రయం నిర్మించాడు. దూరాన ఉన్నవారి చందాలే దానికి ఆధారమయ్యాయి. యుద్ధంలో మనుషులే చనిపోతుంటే పిల్లులేమిటని ఆయనను అడిగే హక్కు ఎవరికుంది? మనుషులను మోసిన చేతులే పిల్లులకూ తిండి పెట్టాయి.

ఇదంతా పాశ్చాత్యుల వేడుక అని కొట్టిపారేసే సోదరులు మన చరిత్రను ఒకసారి తిరగేయాలి. డమాస్కస్‌లో పుట్టి, 1262లో కైరోలో కన్నుమూసిన ఇమామ్ ఇజ్జుద్దీన్ ఇబ్ను అబ్దుస్సలామ్ (రహ్మ) ‘సుల్తానుల్ ఉలమా’గా ప్రసిద్ధులు. యజమానిపై జంతువుకున్న హక్కులను ఆయన తమ గ్రంథంలో ఒక్కొక్కటిగా పేర్కొన్నారు. జంతువు ముసలిదై, రోగగ్రస్తమై ఎందుకూ కొరగాకుండా పోయినా దాని పోషణ ఖర్చు భరించాలన్నది వాటిలో ఒకటి. పని చేసినంత కాలమే మేత అనే లోకరీతిని ఆ మహాపండితుడు అంగీకరించలేదు.

ఇది గ్రంథాలకే పరిమితమైన మాట కూడా కాదు. సిరియా పండితుడు ముస్తఫా అస్సిబాయీ (1915–1964) రాసినదాని ప్రకారం, డమాస్కస్‌లో ‘అల్ మర్జుల్ అఖ్‌దర్’ అనే పచ్చిక మైదానం పనికి రాని ముసలి గుర్రాల కోసం వఖఫ్ అయి ఉండేది. యజమానులు మేత మానేసిన గుర్రాలు చనిపోయేదాకా అక్కడ మేసేవి. పిల్లులు తిని పడుకోవడానికి కూడా ఆ నగరంలో ప్రత్యేక వఖఫ్ ఉండేదని ఆయన తెలిపారు.

కైరోలో సుల్తాన్ బైబర్స్ (పాలన 1260–1277) ఒక తోటను పిల్లుల కోసం రాసిచ్చాడు. దాని గతి ఏమైందో ఎడ్వర్డ్ లేన్ అనే ఆంగ్లేయుడు 1836లో ప్రచురించిన గ్రంథంలో వివరించాడు. నిర్వాహకుల అశ్రద్ధ వల్ల తోట చేతులు మారింది. చివరికి పిల్లుల వంతుకు ఏడాదికి 15 పియాస్టర్లు మాత్రమే మిగిలాయి. మిగతా భారం వఖఫ్‌ల సంరక్షకుడైన ఖాజీ నెత్తిన పడింది. వదిలించుకోదలచిన పిల్లిని జనం తెచ్చి ఖాజీ ఇంటి ఆవరణలో విడిచిపోయేవారట. వఖఫ్ ఆస్తులు ఎలా కరిగిపోతాయో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఒక గొప్పవాడు ఒక్కసారి ఇచ్చిన పెద్ద దానం కాపలా లేక ఆవిరైంది. పదిమంది సామాన్యులు విడవకుండా ఇచ్చే చిన్న మొత్తమైతే అలా ఒక్కసారిగా మాయమైపోదు. కొద్దిపాటిదైనా నిలకడగా చేసే ఆచరణే అల్లాహ్‌కు అత్యంత ప్రియమైనదన్న ప్రవక్త (స) బోధనలోని వివేకం ఇదే.

‘బస్తీలో పస్తులున్న కుటుంబాలుండగా పిల్లులకు డబ్బా?’ అని కొందరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. జకాత్ సొమ్ము ఎవరికి చెందాలో ఖుర్ఆన్ ఎనిమిది వర్గాలుగా నిర్ణయించింది. అందులోనుంచి పిల్లికి పైసా తీయడానికి వీల్లేదు. భార్యాబిడ్డల హక్కు, వృద్ధ తల్లిదండ్రుల హక్కు, పొరుగువాడి ఆకలి ముందు చూడాలి. ఆ తర్వాత ఇష్టపూర్వకంగా చేసే సదఖా ఉంది. దాహంతో ఉన్న కుక్కకు నీళ్లు తాపిన వ్యక్తిని అల్లాహ్ మన్నించాడని విన్న సహచరులు, జంతువుల విషయంలో కూడా పుణ్యముందా అని అడిగారు. ప్రాణమున్న ప్రతి జీవి విషయంలోనూ ఉందన్నదే వారికి లభించిన సమాధానం. పెళ్లి పందిళ్ల దీపాలకు, విందులో మిగిలి పారబోసే బిర్యానీకి అయ్యే ఖర్చు దగ్గర గుర్తుకు రాని పేదవాడు పిల్లి గిన్నె దగ్గరే గుర్తుకు రావడం విచిత్రం.

అయితే మంచి పనికీ జాగ్రత్త అవసరం. ఆశ్రయం నడిపేవారు లెక్కలు చూపుతారా, వైద్యుడు వచ్చి వెళుతున్నాడా, ఉన్న చోటుకు మించి పిల్లులను కుక్కుతున్నారా అన్నది విచారించాకే డబ్బివ్వాలి. మొదలుపెట్టాక మధ్యలో మానకూడదు. మానక తప్పకపోతే ముందుగా తెలియజేయాలి. నెలకు ఇవ్వగలిగినంతే మాట ఇవ్వాలి. జంతు సంరక్షణ సంస్థలు మన దగ్గరా ఉన్నాయి. హైదరాబాద్‌లో బ్లూ క్రాస్ 1992లో ఏర్పడింది. విశాఖపట్నంలో అలాంటి సంఘమే 1996లో వెలసింది. మీ ఊళ్లో అలాంటిదేమీ లేకపోతే, వీధి చివర అవిటి పిల్లికి రోజూ అన్నం పెట్టే ముసలమ్మ ఎవరో ఉండే ఉంటుంది. ఆమె చేతిలో నెలకు నాలుగు డబ్బులు పెట్టినా అది కఫాలతే.

ఆశ్రయాలవారు ఆ పిల్లులను నాలుగు గోడల మధ్య ఉంచింది దయతోనే. కానీ ఉంచిన క్షణం నుంచి ఆ హదీసులోని బాధ్యత వారి మెడకు చుట్టుకుంది. వీధిలో గాయపడిన పిల్లిని చూసి వారికి కబురు చేసి, మన పని అయిపోయిందనుకుని వచ్చేస్తాం. ఆ బాధ్యతలో ఒక వంతు మనదీ కాదా? బదులు ఏమీ ఇవ్వలేని ప్రాణిపై ఖర్చు చేసే మనసును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.