"చదవండి" అంటే సరిపోదు, ఎలా చదవాలో చూపించాలి

ఆశ్రమ పాఠశాలల్లో మన పిల్లలు ఎక్కువగా వినే మాట "చదవండి". పొద్దున స్టడీ అవర్, రాత్రి స్టడీ అవర్. పుస్తకం ముందేసుకుని గొంతెత్తి చదువుతూనే ఉంటారు. పాఠంలో ముఖ్యమైనది ఎలా పట్టుకోవాలో, చదివింది గుర్తుండాలంటే ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పరు. ఫెయిలైతే "వీళ్ళకి చదువు ఎక్కదు" అని ముద్ర వేసేస్తారు.

ఎక్కకపోవడం కాదు మిత్రులారా, చూపించేవాళ్ళు లేకపోవడం. టౌన్ పిల్లాడికి ఇంట్లో అమ్మానాన్నో, ట్యూషన్ సారో పక్కన కూర్చుంటారు. మన గూడేల్లో చాలామందిది బడి మెట్లెక్కిన మొదటి తరం. ఇంట్లో కోయ, గోండి, కువి, సవర. బడిలో పుస్తకాల తెలుగు, ఇంగ్లీషు. వీళ్ళకి ఆ పని బడే చేయాలి.

బడులు చేసేదేంటి? టెన్త్ పరీక్షల ముందు ఒక మోటివేషన్ క్లాసు. "టైం టేబుల్ వేసుకోండి, కష్టపడండి" అని చెప్పి వెళ్ళిపోతారు. మర్నాడు సైన్స్ పుస్తకం తెరిస్తే మళ్ళీ అదే గోడ. ఏ దుంప ఎక్కడ తవ్వాలో మన పెద్దలు ఉపన్యాసం చెప్పలేదు, అడవిలో వెంట నడిపించి చూపించారు. చదివే పద్ధతి కూడా అంతే, పాఠంలోనే నేర్పాలి.

"కిరణజన్య సంయోగక్రియ" చూడండి. పిల్లలు బట్టీ పడతారు. సారు ఐదు నిమిషాలు ఆగి బోర్డు మీద ఆ మాటని విడగొట్టొచ్చు: కిరణం, జన్యం అంటే పుట్టేది, సంయోగం అంటే కలయిక, క్రియ అంటే పని. ఎండ సాయంతో ఆకులో నీళ్ళూ కార్బన్ డయాక్సైడూ కలిసి ఆహారం తయారయ్యే పని. పాఠం అర్థమైంది, పెద్ద మాటని విడగొట్టి చూసే అలవాటూ వచ్చింది. తర్వాత ఒక పేరా చదివించి, పుస్తకం మూయించి, పక్కవాళ్ళకి తమ భాషలోనే చెప్పమనాలి. ఎక్కడ ఆగిపోయారో అక్కడే మళ్ళీ చదవాలి. లెక్కల్లో ముందు "ఏమిచ్చారు, ఏమడిగారు" రాయించాలి. మొదట సారు చేసి చూపించాలి, తర్వాత అందరూ కలిసి, ఆ తర్వాత పిల్లలే సొంతంగా.

"సిలబస్ అవదు" అంటారు. పిల్లలకి అర్థం కాకుండా అయిపోయిన సిలబస్ ఎవరి కోసం? టీచర్ల మీద నింద వేయడం లేదు. రెగ్యులర్ అవడానికి ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్న సీఆర్టీల కష్టం మనకి తెలుసు. 2020లో సుప్రీంకోర్టు జీవో నంబర్ 3ని కొట్టేశాక, ఏజెన్సీ బడుల్లో స్థానిక ఆదివాసీ టీచర్లకున్న నూరు శాతం రిజర్వేషనూ పోయింది. పిల్లల భాష తెలిసిన టీచరుకే ఈ పని సులువు. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకి ఏర్పాట్లు చేయాలని రాజ్యాంగం 350ఎ అధికరణం చెబుతూనే ఉంది.

అందుకే ఐటీడీఏలని అడుగుదాం. టీచర్ల ట్రైనింగులో ఈ పద్ధతిని పాఠం చెప్పి చూపించాలి. స్టడీ అవర్‌లో కాపలాకి కాదు, నేర్పడానికి మనిషి ఉండాలి. స్థానిక భాష వచ్చిన టీచర్లు కావాలి.

డిగ్రీ, పీజీ చదివిన తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఊరెళ్ళినప్పుడు హెడ్మాస్టర్ని అడిగి ఒక స్టడీ అవర్‌కి వెళ్ళండి. స్పీచ్ వద్దు. ఒక్క పాఠం తీసుకుని, ఎలా చదవాలో పక్కన కూర్చుని చూపించండి.

జై ఆదివాసీ!