న్యాయసలహా: కారు సోదా

చల్లపల్లి నుంచి ఒక తల్లి రాశారు. స్నేహితుని కారులో బెజవాడ వెళ్తున్న కుమారుణ్ణి రాత్రివేళ పోలీసులు ఆపి, డిక్కీలో గంజాయి సంచి పట్టారట. గెజిటెడ్ అధికారి లేని సోదా చెల్లుతుందా అని ప్రశ్న.

అమ్మా, 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం 50వ సెక్షను ఒంటిమీది సోదాకే గాని, సంచికీ బండికీ కాదని సుప్రీంకోర్టు 2005లో తేల్చింది. ఆ ఆశ వదలండి. 42వ సెక్షను చూడమనండి మీ వకీలుని. రోడ్డుమీద ఉన్నా సొంత కారు బహిరంగస్థలం కాదని 2021 తీర్పు. ముందుగా కబురంది ఆపితే దాన్ని కాగితంమీద పెట్టాలి. పొద్దుగూకాక వారంటు లేని సోదాకు కారణాలూ రాయాలి. 72 గంటల్లో నకలు పైఅధికారికి పంపాలి. తగిన కారణముంటే ఆలస్యాన్ని కోర్టు మన్నించవచ్చు, అసలు రాయకపోవడాన్ని మన్నించదు. బస్సయితే ఈ వాదం లేదు.

సంచి సంగతి అబ్బాయికి తెలియదంటున్నారు. అది అతని స్వాధీనంలో ఉన్నదని సర్కారు రుజువుచేస్తే, తెలియదని నిరూపించే భారం అతనిదే. కారులో ఎవరెక్కడ కూర్చున్నారో, డిక్కీ తాళం ఎవరిదో ఇప్పుడే అడిగి రాసుకోండి.