లెక్కకు చిక్కని మొండి క్రిములు
పల్లెలో మందు, పట్నంలో పరీక్ష

గుణుపురం: జ్వరమొచ్చినా, విరేచనాలైనా ఇక్కడి పల్లె జనంలో చాలామంది ముందుగా వెళ్లేది డాక్టరు దగ్గరకు కాదు. సూది వేసే ఆర్‌ఎంపీ దగ్గరకో, బజారులోని మందుల షాపుకో వెళ్తారు. ‘బాబూ, గట్టి బిళ్లలు రెండు ఇవ్వు’ అంటే చాలు, యాంటీబయాటిక్ చేతికొస్తుంది. వైరస్ జ్వరానికి అసలు ఆ మందే అక్కర్లేదు. కూలి పోతే పూట గడవని మనిషిని తప్పుపట్టి లాభం లేదు గానీ, ఇలా వాడేకొద్దీ మందుకు లొంగని క్రిములు మిగిలి పెరుగుతాయి.

చిక్కు అంతటితో ఆగడం లేదు. జబ్బు ముదిరితే రోగిని శ్రీకాకుళమో, విశాఖ కేజీహెచ్‌కో తీసుకుపోతారు. ఏ మందు పనిచేయదో కల్చర్ పరీక్షలో తేలేది అక్కడే. అంటే ఒడిశా పల్లెలోని క్రిమి ఆంధ్రా ఆస్పత్రి లెక్కలో పడుతుంది. అది ఏ ఊరి నీళ్లలోంచి వచ్చిందో, ఆ రోగి అప్పటికే ఏమేం మింగాడో ఆ లెక్క చెప్పదు.

దేశంలో నిఘా లేదనడానికి లేదు. 2013 నుంచి భారత వైద్య పరిశోధన మండలి ఒక ప్రయోగశాలల వ్యవస్థను, జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం మరో వ్యవస్థను నడుపుతున్నాయి. అయితే వాటిలో ఎక్కువ భాగం వైద్య కళాశాలలు, పెద్దాస్పత్రులే. అక్కడికి చేరేవారు చాలావరకు నాలుగు రకాల మందులు వాడి విసిగినవాళ్లు. కాబట్టి ఆ అంకెలు పల్లె పరిస్థితికి అద్దం పట్టవు. మొదటి మందు రాసే డాక్టరుకు కావాల్సిందేమో పల్లె లెక్క.

తలచుకుంటే ఇక్కడా నిఘా పెట్టొచ్చని కలరాయే చూపింది. 2010లో ఒడిశా గిరిజన ప్రాంతాల్లో కలరా ప్రబలినప్పుడు భువనేశ్వర్‌లోని ప్రాంతీయ వైద్య పరిశోధన కేంద్రం నమూనాలు పరీక్షించి, టెట్రాసైక్లిన్‌కు లొంగని రకం వ్యాపించిందని గుర్తించింది. కలరాకు ఏళ్ల తరబడి వాడిన మందు అది! రాయగడ జిల్లా కాశీపురం బ్లాకులో 2022 జూలైలో మళ్లీ కలరా వచ్చింది. మళ్లీ బృందాలు, మళ్లీ నమూనాలు. మనుషులు చనిపోతే తప్ప స్వాబ్ తీయని పద్ధతిని నిఘా అనలేం.

షాపుల మీద అదుపు చట్టంలో ఉంది. 2014 మార్చి 1 నుంచి అమలైన షెడ్యూల్ హెచ్1 ప్రకారం సెఫిక్సిమ్ వంటి మందులు అమ్మితే రోగి పేరు, డాక్టరు పేరు రిజిస్టరులో రాయాలి, మూడేళ్లు ఉంచాలి. జనం ఇట్టే అడిగే అజిత్రోమైసిన్ మాత్రం ఆ జాబితాలో లేదు. దానికీ చీటీ కావాల్సిందే, కానీ ఆ రిజిస్టరు అక్కర్లేదు. ఎంత అమ్ముడవుతోందో ఎలా తెలుస్తుంది?

2025 నవంబరులో కేంద్రం 2025-29కి రెండో జాతీయ కార్యాచరణ ప్రణాళిక విడుదల చేసింది. గుణుపురం వంటి చోట దానితో పని మొదలుపెట్టడానికి కోట్లు అక్కర్లేదు. యాంటీబయాటిక్ వేయకముందే విరేచనాల రోగి నుంచి స్వాబ్ తీసి క్యారీ-బ్లెయిర్ మాధ్యమంలో ఉంచితే కలరా క్రిమి ఐస్ లేకున్నా కొన్ని రోజులు బతికే ఉంటుంది. 2017లో మొదలైన కొరాపుట్ వైద్య కళాశాల దాకా ఘాట్ రోడ్డులో పంపడానికి ఆ వ్యవధి సరిపోతుంది. రక్తం నమూనాకు అంత వెసులుబాటు లేదు. అందుకే సరిహద్దు దాటిన రోగి కల్చర్ రిపోర్టు నకలు, ఊరి పేరుతో సహా, రాయగడ జిల్లా వైద్యాధికారికి తిరిగి పంపే ఏర్పాటు కావాలి. వానాకాలం ముందే రెండు రాష్ట్రాల అధికారులు కూర్చుని తేల్చాల్సిన పని ఇది.