లేడీ డాక్టరేనా?

రొమ్ముల సైజు తగ్గించే ఆపరేషన్ అనగానే మన ఖాందాన్‌లలో మొదటి సవాల్ 'లేడీ డాక్టరేనా?' అనే. మా అమ్మీ కూడా అదే అడిగింది. పర్దా మాట నేను కాదనను. కానీ ముందు చూడాల్సింది ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సి.హెచ్. గానీ డి.ఎన్.బి. గానీ ఉందా అని. క్లినిక్ బోర్డు మీద 'కాస్మెటిక్' అని రాసుంటే సరిపోదు. ఇట్లాంటివి ఎన్ని చేశారు, మచ్చలు ఎక్కడ మిగుల్తాయి, చనుమొనల్లో స్పర్శ తగ్గుతుందా, రేపు బిడ్డకు పాలివ్వడం కష్టమవుతుందా? శరం పక్కనబెట్టి అడగాలి. పెళ్లి కావాల్సిన పిల్లయితే ఆఖరిది తప్పనిసరి. అడిగితే చిరాకుపడే డాక్టర్‌ని వదిలేయండి, ఆడైనా మగైనా. జరూరత్ ఉంటే మగ డాక్టర్‌తో ఇలాజ్ చేయించుకోవడం జాయిజేనని ఉలమా చెప్తనే ఉన్నరు.

ఇంటికొచ్చాక అసలు ఇమ్తెహాన్. నాకు ఆరు వారాలు బరువులెత్తొద్దన్నారు. నీళ్ల బిందె, బిర్యానీ దేగ్చీ, చంటిపిల్ల మన ఇళ్లల్లో బరువుల లెక్కలోకి రావు మరి! 'శౌఖ్ ఆపరేషన్‌కి ఇంత ఆరామా?' అంది ఒక ఖాలా. బ్రా పట్టీలకు భుజాలు గాడి పడి, రొమ్ముల కింద చెమటకు ఒరిసి పుండై, మెడనొప్పితో ఏళ్లు గడిపి చేయించుకున్నది శౌఖ్ ఎట్లయితది? సజ్దా చేయలేని రోజుల్లో కుర్చీలో కూర్చొని ఇషారాతో నమాజ్ చదివాను. దీన్ ఇచ్చిన ఆసానీ బావర్చీఖానా ఇవ్వదా?

మా ఆయన ఆ ఆరు వారాలూ దేగ్చీ దించాడు. చావల్ రెండుసార్లు మాడింది, అంతే.