సలహా చెప్పేవాడి చేతిలో వసూలు పుస్తకమా?

వ్యవసాయ విస్తరణ సిబ్బందిని పెంచితే చాలు, రైతు కష్టాలు తీరిపోతాయని పాలకులు చెబుతుంటారు. సంఖ్యతోనే పని జరిగేదైతే ఇథియోపియా రైతు ఈపాటికి సుఖపడి ఉండాలి.

ఆ దేశంలో ఊరి స్థాయి పాలనా విభాగాన్ని కెబెలె అంటారు. ఒక్కో కెబెలెకు ముగ్గురు విస్తరణ కార్యకర్తలను పెట్టాలని ప్రభుత్వం నిర్ణయించింది. పంటలకు ఒకరు, పశువులకు ఒకరు, నేల, నీటి సంరక్షణకు ఒకరు. 2008 నాటికి సుమారు 45 వేల మంది పనిలో ఉన్నారు. పేద దేశాల్లో ఇంతమంది సిబ్బంది ఉన్నవి అరుదు.

వీళ్ళు చెప్పింది ఏమిటి? 1993లో నార్మన్ బోర్లాగ్ అండతో ససాకవా గ్లోబల్ 2000 అక్కడ ప్రదర్శన క్షేత్రాలు మొదలుపెట్టింది. 1995 నుంచి ప్రభుత్వం ఆ పద్ధతినే దేశమంతా తిప్పింది. మేలురకం విత్తనం, హెక్టారుకు 100 కిలోల డీఏపీ, 100 కిలోల యూరియా, వాటి మీద అప్పు. నల్లనేల అయినా ఎర్రనేల అయినా, కొండ మీదైనా పల్లంలోనైనా అదే మోతాదు. దేశవ్యాప్తంగా నేలల పటం తయారీకి పూనుకున్నది 2012లో! ముందు మందు, తర్వాత రోగ పరీక్ష అన్నమాట.

దిగుబడి పెరగలేదా అంటే, పెరిగింది. 2000, 2001 సంవత్సరాల్లో మొక్కజొన్న బాగా పండింది. ధర సగానికి పైగా పడిపోయింది. కోత కూలి కూడా గిట్టక కొందరు పంటను చేలోనే వదిలేశారు. ఎరువుల అప్పు మాత్రం తగ్గలేదు. మరుసటి ఏడు ఎరువూ మేలురకం విత్తనమూ కొనే శక్తి చాలామందికి లేకపోయింది. ఆపైన వానలు ముఖం చాటేశాయి. 2003లో కోటీ 30 లక్షల మందికి పైగా ఆహార సాయం కోసం చేయి చాచవలసి వచ్చింది. పండించమని చెప్పిన వ్యవస్థ అమ్ముకునే దారి గురించి ఎందుకు పట్టించుకోలేదు?

ఇంకా పెద్ద తప్పు మరొకటుంది. సలహా చెప్పే కార్యకర్తకే ఎరువు అంటగట్టే టార్గెట్టు, అప్పు వసూలు చేసే బాధ్యత అప్పగించారు. అక్కడ భూమి ప్రభుత్వానిది, రైతుకు సాగు హక్కే ఉంటుంది. అలాంటి చోట కార్యకర్త వచ్చి "రెండు బస్తాలు తీసుకో" అంటే వద్దనే ధైర్యం ఎవరికుంటుంది? ప్రతిపక్షం వైపు ఉన్నవారికి విత్తనాలు, ఎరువులు అందకుండా చేశారని హ్యూమన్ రైట్స్ వాచ్ 2010లో నివేదిక ఇచ్చింది.

ఇది ఆ కుర్రవాళ్ళ తప్పు కాదు. చాలీచాలని జీతం, మారుమూల ఊళ్ళో ఉద్యోగం, పైనుంచి రోజూ లెక్కలు. మన మిత్రులను శత్రువులుగా చూడొద్దు. తప్పు వాళ్ళకు పని అప్పగించిన తీరులో ఉంది.

వేరే దారి లేదా? ఇండోనేషియాను చూడండి. పురుగుమందులు సాలీళ్ళను చంపేయడంతో సుడిదోమ విజృంభించి వరిని కాల్చేసింది. 1986లో ప్రభుత్వం వరిలో 57 రకాల మందులను నిషేధించింది. 1989 నుంచి పొలంబడులు నడిపింది. పంటకాలం పొడవునా వారం వారం రైతులు మడిలో దిగి మిత్రపురుగులనూ శత్రుపురుగులనూ లెక్కపెట్టి, మందు కొట్టాలో వద్దో తామే తేల్చుకున్నారు. పదేళ్ళలో అలా పది లక్షల మంది నేర్చుకున్నారు. మందు అమ్మితే లాభం వచ్చేవాడు అక్కడ పంతులు కాడు.

ఇక మన సంగతి. 2003 జాతీయ నమూనా సర్వేలో విస్తరణ సిబ్బంది నుంచి సమాచారం అందిందన్న రైతు కుటుంబాలు నూటికి ఆరు కూడా లేవు. ఎరువులు, మందుల దుకాణాల నుంచి అందిందన్నవి 13. ఇప్పుడు ఏఈఓలున్నారు, రైతు వేదికలున్నాయి. కానీ పంట నమోదు, బీమా కాగితాలు, పథకాల జాబితాలతోనే వాళ్ళకు పొద్దు గూకుతోంది. చేను చూసే తీరిక ఏది?

మన డిమాండ్లు సూటిగా ఉండాలి. సలహా చెప్పేవారికి అమ్మకాల, వసూళ్ళ పని పెట్టొద్దు. రాతకోతలకు వేరే సిబ్బందిని వేయాలి. భూసార పరీక్ష చూడకుండా మోతాదు చెప్పొద్దు. ఫలానా పంట వేయమని చెప్పే ప్రభుత్వమే ఆ పంటకు మద్దతు ధర ఇచ్చి కొనాలి. విస్తరణ సిబ్బంది పనితీరుపై ఏటా గ్రామసభలో రైతుల మాట వినాలి. వచ్చే మండల సమావేశంలో వీటిని తీర్మానాలుగా పెడదాం.