నిర్మల్ అడవి బాట: ట్రెక్కింగ్ కథలు పెరిగాయ్.. జాగ్రత్తల సంగతేంటి?

వానలు మొదలైతే చాలు, శని ఆదివారాల్లో 44వ నంబర్ జాతీయ రహదారిపై హైదరాబాద్ నుంచి వచ్చే బైకులు, కార్ల వరస మొదలవుతుంది. నిర్మల్ దాటి మహబూబ్ ఘాట్ మలుపులు ఎక్కితే సహ్యాద్రి గుట్టలు. అక్కడి నుంచి ముందుకెళ్తే కుంటాల, పొచ్చెర, గాయత్రి జలపాతాలు. వెళ్లొచ్చినవాళ్లు ఊరుకోరు. ఏ దారిలో నడిచారు, ఎక్కడ జారారు, వాగు ఎలా దాటారు.. అన్నీ వీడియో చేసి చెప్తారు. ఆ కథ చూసి వచ్చే వారం ఇంకో గుంపు బయల్దేరుతుంది. మరి ఆ కథలో ఉండాల్సినవన్నీ ఉంటున్నాయా? అసలు చిక్కు అక్కడే ఉంది.

ఎవరీ కథలు చెప్పేవాళ్లు?

అందరూ ఒకే రకం కాదు. గ్రేట్ హైదరాబాద్ అడ్వెంచర్ క్లబ్ లాంటి సంఘాల సభ్యులు బృందంగా నడుస్తారు. వాళ్లలో ఒకరు ముందుండి దారి చూపిస్తారు. కడెం వైపు కెమెరాలు పట్టుకుని పక్షుల కోసం తిరిగేవాళ్లు ఇంకో రకం. సెలవు రోజున ముగ్గురు నలుగురు దోస్తులు కలిసి బైకుల మీద వచ్చేవాళ్లు మూడో రకం.

తెలంగాణ కుర్రకారులో ఈ ఆసక్తి పెరగడానికి పక్క జిల్లా అమ్మాయి కూడా ఓ కారణం. నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ 13 ఏళ్ల వయసులో, 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. అయితే ఆ విజయం వెనుక భువనగిరి గుట్ట మీద మొదలై డార్జిలింగ్, లద్దాఖ్ దాకా సాగిన శిక్షణ ఉంది. శిఖరం ఫొటో అందరికీ గుర్తుంది కానీ, ఆ శిక్షణ సంగతి చాలామంది మరిచిపోయారు.

ఎండ కాస్తున్నా వాగు పొంగొచ్చు!

కుంటాల జలపాతం కడెం నది మీదే ఉంది. ఎత్తు దాదాపు 150 అడుగులు. కిందికి దిగాలంటే వందల మెట్లు. పైన బోథ్, బజార్‌హత్నూర్ వైపు కుండపోత వాన పడితే, కుంటాల దగ్గర ఎండ కాస్తున్నా నీళ్లు ఒక్కసారిగా పెరగొచ్చు. పాచి పట్టిన బండల మీద కాలు జారితే కింద లోతైన గుండాలు. ఇక్కడ ప్రాణాలు పోయిన ఘటనలు ఇప్పటికే చాలా జరిగాయి.

ఈ నది కోపం ఎలా ఉంటుందో నిర్మల్ జిల్లా 2022 జులైలో చూసింది. కడెం ప్రాజెక్టుకు 5 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. గేట్లు ఎత్తినా వదలగలిగే నీటి కంటే వచ్చేదే ఎక్కువ కావడంతో దిగువ ఊళ్లను ఖాళీ చేయించాల్సి వచ్చింది.

ఆ మరుసటి ఏడాది జులైలో ములుగు జిల్లాలో ముత్యాలధార జలపాతం చూడ్డానికి వెళ్లిన దాదాపు 80 మంది తిరుగు దారిలో వాగు పొంగడంతో అడవిలోనే చిక్కుకుపోయారు. ఎన్డీఆర్ఎఫ్ సిబ్బంది చీకట్లో వెళ్లి వాళ్లను బయటకు తెచ్చారు. వెళ్లేటప్పుడు మోకాలి లోతు కూడా లేని వాగు, వచ్చేటప్పుడు అలాగే ఉంటుందన్న గ్యారంటీ లేదు.

సఫారీకి సెలవు.. జలపాతాలకు సీజన్

ఇంకో విచిత్రం ఉంది. నిర్మల్, మంచిర్యాల, ఆదిలాబాద్, ఆసిఫాబాద్ జిల్లాల్లో విస్తరించిన కవ్వాల్‌ను 2012లో టైగర్ రిజర్వ్‌గా ప్రకటించారు. కోర్ ఏరియా సుమారు 892 చదరపు కిలోమీటర్లు. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా అందులో అడుగు పెట్టకూడదు. వానాకాలంలో జులై నుంచి సెప్టెంబర్ దాకా సఫారీ కూడా బంద్. సరిగ్గా అవే మూడు నెలలు జలపాతాలకు అసలు సీజన్! అంటే రిజర్వ్ గేటు మూసుకున్నప్పుడే చుట్టుపక్కల అడవికి జనం ఎక్కువగా వస్తున్నారు.

పులికి మాత్రం గేటు లెక్క ఉండదు. మహారాష్ట్ర వైపు నుంచి వచ్చిన జానీ అనే మగపులి 2024 అక్టోబర్, నవంబర్ నెలల్లో తోడు కోసం బోథ్, నిర్మల్ అడవుల్లో తిరిగి, ఇదే 44వ రహదారిని దాటి వెళ్లింది. వీడియోలో 'ఎవరికీ తెలియని దారి' అని చెప్పేది పులి నడిచే దారి కూడా కావచ్చు.

తమిళనాడు ఏం చేసింది?

2018 మార్చి 11న తేని జిల్లా కురంగణి అడవిలో కార్చిచ్చు చెలరేగి 20 మందికి పైగా ట్రెక్కర్లు చనిపోయారు. ఆ తర్వాత అక్కడి ప్రభుత్వం ట్రెక్కింగ్‌కు నిబంధనలు తెచ్చింది. 2024 అక్టోబర్‌లో 40 దారులు ఎంపిక చేసి, ఆన్‌లైన్ బుకింగ్ పెట్టింది. గిరిజన యువతతో పాటు స్థానికులకు గైడ్లుగా శిక్షణ ఇచ్చింది. నడిచేవాడికి భద్రత, అడవి పక్క ఊరికి నాలుగు డబ్బులు.

మన దగ్గర అలాంటివాళ్లు లేరా అంటే.. బోలెడంత మంది ఉన్నారు. గోండు, కొలాం, నాయక్‌పోడ్ గూడేల్లో ఏ వాగు ఎప్పుడు పొంగుతుందో చెప్పగలిగిన వాళ్లున్నారు. కేస్లాపూర్ నాగోబా జాతరకు ముందు ఏటా మెస్రం వంశీయులు గోదావరి జలం కోసం జన్నారం మండలం హస్తినమడుగు దాకా కాలినడకన వెళ్లొస్తారు. అందరూ కలిసి నడుస్తారు, పెద్దల మాట ప్రకారం నిర్ణయించిన మజిలీల్లోనే ఆగుతారు. ట్రెక్కింగ్ పాఠం ఇంటి పక్కనే ఉందన్నమాట.

అందుకే దారులు గుర్తించి, గూడెం యువకులను గైడ్లుగా పెట్టి, వాగు పెరిగిన రోజు దారి మూసేసే ఏర్పాటు చేయడం సర్కారు వంతు. కథ చెప్పేవాళ్ల వంతు కూడా ఒకటుంది. ఏ నెలలో వెళ్లారు, ఎవరి అనుమతి తీసుకున్నారు, దారి ఎవరు చూపించారు, ఎక్కడ భయపడి వెనక్కి తిరిగారు.. ఇవన్నీ చెప్పాలి. లొకేషన్ ఒక్కటే పెడితే చూసినవాడికి దారి తెలుస్తుంది కానీ, తిరిగి రావడం తెలియదు. వచ్చే జులైలోపు ఈ రెండు పనుల్లో ఏది మొదలవుతుందో చూడాలి.