యాప్ అన్నీ సర్దిపెడుతుందట!

నిజామాబాద్‌లో ఏ పెండ్లికి పోయినా ఈ మాట చెవిన పడుతుంది. "ఫోటోలు సర్దుకోవడం ఎందుకు సార్? అన్నీ గూగుల్ ఫోటోస్‌లో పడేయండి, అదే చూసుకుంటుంది." అనేవాళ్లు అమాయకులు కారు. ఇంజనీర్లు అంటారు, లెక్చరర్లు అంటారు, మొన్న ఖలీల్‌వాడి వైపు ఒక ఫోటో స్టూడియో యజమాని కూడా అన్నాడు. ఇంతమంది ఇంత ధీమాగా చెప్తుంటే కాదనేవాడు మొండివాడిలా కనిపిస్తాడు. కనిపించనీ. ఆ మాట తప్పు.

ఇంతకూ అది చూసుకునేది ఏమిటి? ముఖ్యంగా తేదీ, ముఖం, చోటు. మూడింటినీ బోధన్ దాకా తీసుకుపోయి పరీక్ష పెడదాం, తీర్పు మీరే చెప్పండి.

డిజిటల్ ఫోటో తేదీ ఎక్సిఫ్ అనే చీటీలో ఉంటుంది. చీటీ రాసేది కెమెరా లోపలి గడియారం. గడియారం తప్పు తిరిగితే చీటీ తప్పు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే చీటీయే ఊడిపోతుంది. ఇవి చిన్న ముచ్చట్లు. అసలు కథ బోధన్‌లోని శక్కర్‌నగర్ క్వార్టర్లలో ఉంది. 1937లో పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతుల్లోకి పోయింది, 2015 డిసెంబరులో మూతపడింది. ఆ కొలువుల మీద బతికిన కుటుంబాలు తలోదిక్కు అయ్యాయి. ఇనుప పెట్టెల్లోని ఆల్బములను కొడుకులో బిడ్డలో ఏదో ఒక ఆదివారం కూర్చుని స్కాన్ చేశారు. యాప్‌కు తెలిసింది ఆ ఆదివారమే! బాయిలర్ పూజనాటి కొబ్బరికాయ, చెరుకు బండ్ల బారు, తాత రిటైర్మెంటు దండ, అత్త నిశ్చితార్థం, నలభై ఏండ్ల బతుకంతా ఒకే మధ్యాహ్నం జరిగినట్టు వరుసలో నిలబెడుతుంది. పైగా ఏడాది తిరిగేసరికి "ఈ రోజు మీ జ్ఞాపకం" అని మోగుతుంది. ఎవరి జ్ఞాపకం? స్కానర్‌దా?

ముఖం సంగతి ఇంకా గొప్పది. మేనమామ పోలిక మేనల్లుడికి వస్తే ఇద్దరినీ ఒక కుప్పలో వేస్తుంది. ఒకే మనిషి మీసాలతో ఒకడు, తిరుపతి నుంచి గుండుతో దిగినప్పుడు ఇంకొకడు. సరే, సాంకేతికత మెరుగుపడుతుంది, రేపు ఒక్క పొరపాటూ చేయదనుకుందాం. అప్పుడైనా ఏమవుతుంది? చిమ్నీ ముందు మూడు వరుసల్లో నిలబడ్డ కార్మికుల ఫోటోలో ముప్పై ముఖాలను ముప్పై గుండ్రాలలో చూపిస్తుంది, ప్రతి గుండ్రం కిందా పేరు రాయమని అడుగుతుంది. అడిగేది ఎవరిని? మిమ్మల్నే! చెప్పగలిగే పెద్దమనిషి ఉన్నన్నాళ్లు "యాప్ చూసుకుంటుంది" అని ఊరుకుని, ఆయన పోయాక ఖాళీ గుండ్రాలను చూస్తూ కూర్చోవడాన్ని సర్దుకోవడం అందామా?

చోటు గురించి ఒక్క ముక్క చాలు. నిజాంసాగర్ కట్ట మీద 2012లో ఫోన్‌తో తీసిన ఫోటో నిజామాబాద్ జిల్లాది. 2016 అక్టోబరు తర్వాత అదే కట్ట కామారెడ్డి జిల్లాది. మ్యాపుకు ఇవ్వాళ్టి హద్దులు తెలుసు, మీరు పోయిననాటి జిల్లా తెలియదు. ఇక పాత స్కాన్‌లలో జీపీఎస్సే లేదు, అక్కడ మ్యాపుకు పనే లేదు.

"ఇవన్నీ చాదస్తాలు, నేను పేర్లు కూడా రాశాను" అనే తెలివైన ప్రతివాది ఒకడుంటాడు. నాకు ఎక్కువ కోపం ఆయన మీదే. రాశారు, బాగుంది. ఎక్కడ రాశారు? పికాసా గుర్తుందా? గూగుల్ 2004లో కొన్న ఆ సాఫ్ట్‌వేర్‌ను మన స్టూడియోలు, ఇండ్లు కండ్లకద్దుకుని వాడాయి. 2016లో గూగుల్ దాన్ని ఆపేసింది. అప్పుడు తెలిసింది అసలు భేదం. ఫోటో కింద శీర్షిక రాసినవాళ్లవి బతికాయి, ఎందుకంటే పికాసా ఆ శీర్షికను జేపెగ్ ఫైలులోనే రాసేది. కష్టపడి ఆల్బములు కట్టినవాళ్ల పని మట్టి కొట్టుకుపోయింది, ఎందుకంటే ఆల్బములు దాని సొంత డేటాబేసులో ఉండేవి. అదే సాఫ్ట్‌వేర్, అదే శ్రమ. ఒకటి ఫోటోతో నడిచింది, ఒకటి దుకాణంతో మూతపడింది. దీని నుంచి మనం ఏం నేర్చుకున్నాం? ఏమీ లేదు. ఇవ్వాళ గూగుల్ ఫోటోస్‌లో ఇష్టంగా టైపు చేసే వివరణలు కూడా ఫైలులోకి పోవు. గూగుల్ టేకౌట్ అనే సదుపాయంతో అంతా తెచ్చుకుంటే ఫోటో ఒకవైపు, వివరణ జేసన్ అనే ఇంకో ఫైలులో మరోవైపు దిగుతాయి. లైట్‌రూమ్ వాడే ఫోటోగ్రాఫర్లూ మీసం మెలేయనక్కరలేదు: మెటాడేటాను ఫైలులోకి సేవ్ చేయమని చెప్పకపోతే అదీ రాసినవన్నీ కేటలాగులోనే పెట్టుకుంటుంది.

గూగుల్ ఫోటోస్ ఫ్రీ అన్న భరోసా ఒకటి. అపరిమితమైన ఉచిత జాగా 2021 జూన్ 1తో అయిపోయింది, ఆ తర్వాత లెక్క 15 జీబీలకే. రెండేండ్లు ముట్టని ఖాతాను తొలగించే నియమం 2023 డిసెంబరు నుంచి అమలులో ఉంది. కాలం చేసిన తండ్రి ఫోన్ బీరువాలో పెట్టినవాళ్లు ఈ వాక్యం రెండోసారి చదవండి.

సాఫ్ట్‌వేర్ పనికిరాదని నేను అనడం లేదు. ఒకే ఫోటో నాలుగు కాపీలుంటే పట్టిస్తుంది, లక్ష ఫోటోల్లో మీరు రాసిన మాటను క్షణంలో వెతికి తెస్తుంది. డిజికామ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, చెప్తే శీర్షికలను ఫైలులోనే రాస్తుంది. వెతకడం దాని పని, రాయడం మన పని. మన పని దాని నెత్తిన పెట్టి అది తెలివైనదని మురిసిపోవడమే నేను ఖండించేది.

"అంత తీరిక ఎవరికుంది?" అంటారు. లాలా దీన్‌దయాళ్‌కు ఉందా తీరిక? నిజాం కొలువులో 1894లో రాజా బిరుదు పొందిన ఆయన స్టూడియో, గాజు పలకల కాలంలో, నెగటివ్ మీదే నంబరు వేసేది, చిత్రం దేనిదో రాసేది. ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఆయన గాజు నెగటివ్‌లు వేలల్లో ఉన్నాయి. ఒక చిత్రంలోది ఏ ప్యాలెస్సో ఇవ్వాళ చెప్పగలుగుతున్నామంటే ఆ రాత పుణ్యమే. మన అమ్మమ్మలైతే అంత దూరం కూడా పోలేదు. ప్రింటు వెనుక బాల్‌పెన్నుతో "సాయవ్వ పెండ్లి, బోధన్, 78" అని రాశారు. స్కాన్ చేసిన మనవడు వెనుక వైపు తిప్పి చూశాడా?

మొదట చెప్పిన స్టూడియో యజమాని దగ్గరికి మళ్లీ పోయాను. పదిహేనేండ్ల కిందటి పెండ్లి ఫోటోలు కావాలని ఎవరైనా వస్తే ఎట్లా వెతుకుతారని అడిగాను. కరిజ్మా ఆల్బముల దొంతర పక్కన, దారంతో గోడకు వేలాడదీసిన నోటుబుక్కు తీసి చూపించాడు. హార్డ్‌డిస్కు నంబరు, తేదీ, ఊరు, పెండ్లికొడుకు తండ్రి పేరు. అన్నీ ఆయన చేతిరాతే.

"మరి యాప్?" అన్నాను.

"అది కస్టమర్లకు సార్" అన్నాడు.